ఈ వాక్యం దేనిమీద నిలబడింది? గుంటూరు డిగ్రీ తరగతిలో ఒక పఠన ప్రాజెక్టు డైరీ

జూలై

డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థులతో వారానికి ఒక పీరియడు చొప్పున ఈ పని మొదలుపెడుతున్నాను. కథలూ కవితలూ కాకుండా, ఉన్న విషయం చెబుతున్నామంటూ మన ముందుకు వచ్చే రచనలను, అంటే పత్రికా వ్యాసం, ప్రభుత్వ నివేదిక, చరిత్ర పుస్తకంలోని ఒక అధ్యాయం, ఆరోగ్య పేజీ, మార్కెట్ ధరల వార్త వంటి వాటిని ప్రశ్నిస్తూ చదవడం వారికి అలవాటు చేయాలన్నది ఉద్దేశం. మా శాఖలో విమర్శ అంటే సాహిత్య విమర్శే. ప్రబంధంలోని పద్యాన్ని ముక్కముక్కగా విడదీసి చూపగలిగిన విద్యార్థి కూడా దినపత్రికలో ఒక అంకె కనబడితే దాన్ని కళ్ళకద్దుకుని ముందుకు సాగిపోతాడు. ఈ వైరుధ్యం నాకు చాలాకాలంగా మింగుడుపడడం లేదు.

తరగతిలో ఎక్కువమంది ఫిరంగిపురం, మేడికొండూరు, ప్రత్తిపాడు వైపు నుంచి బస్సులో వచ్చేవారే. డిగ్రీ అయ్యాక గ్రూప్-2 రాయాలనో డీఎస్సీ రాయాలనో చాలామంది ఇప్పటికే నిర్ణయించుకున్నారు. మొదటి వ్యాసం చేతికివ్వగానే వచ్చిన తొలి ప్రశ్న కూడా అందుకు తగ్గట్టే ఉంది: "మేడం, ఇందులోంచి బిట్లు ఏమొస్తాయి?"

ఈ ప్రశ్నను చిన్నచూపు చూడడం సులభం, కాని న్యాయం కాదు. పదో తరగతి నుంచి వారిని పరీక్షించినవారంతా బిట్లే అడిగారు, ఇకముందు ఉద్యోగం ఇవ్వబోయేవారూ బిట్లే అడుగుతారు. అందువల్ల ఆ అలవాటుతో పోట్లాడకుండా దాన్నే పనిముట్టుగా వాడుకుందామని అనుకున్నాను. వ్యాసం చదివి బిట్లు తయారు చేయమన్నాను. ఎడమవైపు గడిలో ప్రశ్న, మధ్య గడిలో జవాబు రాయాలి. కుడివైపు మూడో గడికి పెట్టిన శీర్షిక "ఇది రాసినవారికి ఎలా తెలిసింది?". అందులో రాయదగిన జవాబులు కూడా నేనే ఇచ్చాను: స్వయంగా చూశారు, కొలిచారు లేదా లెక్కపెట్టారు, తెలిసినవారు చెప్పారు, ఫలానా కాగితంలో ఉంది, ఇతర విషయాలనుబట్టి ఊహించారు, వ్యాసంలో చెప్పలేదు.

మొదటి వారం మూడో గడి నిండా దాదాపు అందరూ రాసినది ఒకటే: "పేపర్లో వేశారు కాబట్టి." నేను ఇచ్చిన జాబితాలో ఆ జవాబు లేకపోయినా రాశారు.

ఆగస్టు

ఊరివాళ్ళందరికీ కంఠతా వచ్చిన వాక్యంతో పని చేస్తే బాగుంటుందనిపించి, "గుంటూరు మిర్చి యార్డు ఆసియాలోనే అతి పెద్దది" అన్న వాక్యాన్ని బోర్డుమీద రాశాను. తరగతిలో సగం మంది ఇళ్ళలో మిర్చి పంట ఉంది. వాక్యాన్ని అనుమానించడం ఎవరికీ ఇష్టం లేకపోయింది. అది అభిమానానికి సంబంధించిన సంగతి అయిపోయింది.

అందుకని నిజమా కాదా అని అడగలేదు, దేనిలో పెద్దది అని మాత్రమే అడిగాను. స్థలం విస్తీర్ణంలోనా, ఒక్క రోజున వచ్చే సరుకులోనా, ఏడాది మొత్తం వ్యాపారం విలువలోనా, లేక కమీషన్ వ్యాపారుల సంఖ్యలోనా? ఒక్కో కొలతకు ఒక్కో జవాబు రావచ్చు కదా. కర్ణాటకలోని బ్యాడగి కూడా పెద్ద మిర్చి మార్కెట్టే. వాళ్ళను ఏ కొలతతో దాటుతున్నామో చెప్పకపోతే "అతి పెద్దది" అన్నది పూర్తికాని వాక్యమే. విద్యార్థులు జిల్లా కేంద్ర గ్రంథాలయంలోనూ ఫోన్లలోనూ వెతికి, ఇదే వాక్యం ఉన్న రచనలు చాలా పట్టుకొచ్చారు. కొలత పేర్కొన్నది వాటిలో ఒక్కటీ లేదు. చాలావాటిలో వాక్యనిర్మాణం కూడా అచ్చు ఒకేలా ఉంది కాబట్టి, పది చోట్ల కనిపించడమూ పదిమంది విడివిడిగా నిర్ధారించుకోవడమూ ఒకటి కాదన్న సంగతి నేను చెప్పనక్కరలేకుండానే వారికి తట్టింది. (మన వైపు ఆసియా ఖండం కొంచెం చిన్నదే అనిపిస్తుంది. విజయవాడ బస్టాండు గురించీ, వరంగల్ ఎనుమాముల మార్కెట్ గురించీ కూడా ఈ ఖండం పేరు చెప్పుకోవడం విన్నాం.)

దీని పక్కనే మరో వాక్యం పెట్టాను: "గుంటూరు సన్నం మిర్చికి భౌగోళిక గుర్తింపు ఉంది." ఇదీ ఊరి గొప్పే, కాని దీని స్వభావం వేరు. భౌగోళిక గుర్తింపుల రిజిస్ట్రీ చెన్నైలో ఉంది, అక్కడి నమోదును ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు. రెండూ పొగడ్తలే అయినా, ఈ వాక్యానికి వెళ్ళి తట్టగలిగిన తలుపు ఉంది, యార్డు వాక్యానికి లేదు. ఈ తేడా పట్టుబడిన రోజునుంచి మూడో గడిలో "పేపర్లో వేశారు" తగ్గి, "వ్యాసంలో చెప్పలేదు" పెరిగింది.

సెప్టెంబరు

2024లో విజయవాడను ముంచిన వరదలమీద వచ్చిన రచనలను ఈ నెలంతా చదివాం. ఆ సెప్టెంబరులో అక్కడి సింగ్ నగర్‌లో బంధువులున్నవారు తరగతిలో చాలామంది ఉన్నారు కాబట్టి విషయం వారికి కొత్త కాదు. తమకు తెలిసిన సంఘటన అచ్చులో ఎలా మారుతుందో చూడడానికి ఇంతకన్న మంచి పాఠం దొరకదు.

నేను ఎంచుకున్న ఒక వ్యాసం మొదటి పేరాలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ ఉధృతిని వర్ణించి, రెండో పేరాలో "ఈ వరదకు" నగరంలోని కాలనీలు రోజుల తరబడి మునిగిపోయాయని రాసింది. దాన్ని చదివిన దూరప్రాంతపు పాఠకుడు కృష్ణ పొంగి సింగ్ నగర్‌ను ముంచిందనే అనుకుంటాడు. అక్కడ మునిగినది బుడమేరు నీటిలో. బుడమేరు సహజంగా కొల్లేరుకు పోయే వాగు. వెలగలేరు దగ్గర రెగ్యులేటరు కట్టి, మళ్ళింపు కాలువద్వారా కొంత నీటిని బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుపుతారు. ఆ కాలువ గట్లకు గండ్లు పడ్డాయి, వాటిని పూడ్చడానికి సైన్యం కూడా రావలసి వచ్చింది. కృష్ణ నిండుగా ఉన్నప్పుడు కాలువ నీరు అందులోకి సాఫీగా దిగదు కాబట్టి రెండు వరదలకూ సంబంధం ఉంది, కాని అవి ఒకటే వరద కాదు. ఆ రెండు పేరాల్లో విడిగా చూస్తే ఏ ఒక్క వాక్యమూ అబద్ధం కాదు. రెండు నిజమైన వాక్యాల మధ్య "ఈ" అన్న ఒక్క అక్షరం తప్పుడు వంతెన కట్టింది. సింగ్ నగర్‌లో మేనమామ ఇల్లున్న అబ్బాయి దీన్ని అందరికన్న ముందు పట్టుకున్నాడు.

అదే వ్యాసంలో ఇంకో వాక్యం ఉంది: "బ్యారేజీ వరదను నిలువరించి దిగువ ప్రాంతాన్ని కాపాడింది." మూడో గడిలో ఏం రాయాలో తెలియక చాలామంది ఖాళీగా వదిలేశారు. బీఎస్సీ చదివే ఒక అమ్మాయి మాత్రం వ్యాసంలోని అంకెలనే ముందు పెట్టుకుని కూర్చుంది. 2024 సెప్టెంబరు 2న బ్యారేజీ దగ్గర నమోదైన గరిష్ఠ ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులు. బ్యారేజీ నిల్వ సామర్థ్యం 3.07 టీఎంసీలు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. 307 కోట్లను 11.43 లక్షలతో భాగిస్తే సుమారు 2,690 సెకన్లు వచ్చాయి. అంటే బ్యారేజీ ఖాళీగా ఉందనుకుని గేట్లన్నీ మూసినా, ఆ ప్రవాహానికి ముప్పావుగంటలోపే నిండిపోతుంది. నోటుబుక్కు నా చేతికిచ్చి, "నిలువరించడం ఎలా కుదురుతుంది మేడం? వచ్చింది వచ్చినట్టు వదలడమే కదా?" అని అడిగింది.

బ్యారేజీకి డెబ్బై గేట్లు ఉన్నది అందుకేనని, అది నాగార్జునసాగర్ లాంటి జలాశయం కాదని, కాలువలకు నీరు ఎక్కడానికి నదిమట్టాన్ని ఎత్తి ఉంచే కట్టడమని ఆ తరువాత మాట్లాడుకున్నాం. లెక్క నిజానికి ఐదో తరగతి భాగహారమే. రెండు అంకెలూ ఒకే పేజీలో ఉన్నా, వాటిని ఒకదానిపక్కన ఒకటి పెట్టి చూడవచ్చన్న ఆలోచన అప్పటివరకు తరగతిలో ఎవరికీ రాలేదు. విజ్ఞానశాస్త్రం చదివే పిల్లలు లెక్కను ల్యాబులోనూ వ్యాసాన్ని తెలుగు పీరియడులోనూ వేరువేరుగా దాచుకోవడం మనం నేర్పిన పద్ధతే అనుకుంటాను.

"చరిత్రలో ఎన్నడూ లేనంత వరద" అన్న మాటను కూడా వదలలేదు. 2009 అక్టోబరులో 11.10 లక్షల క్యూసెక్కులు వచ్చాయి కాబట్టి, నమోదైన వాటిలో 2024 ప్రవాహమే పెద్దది. అయితే కృష్ణమీద ఇక్కడ పాత ఆనకట్ట పూర్తయినదే 1855లో. ఆనకట్టే లేని కాలంలో వచ్చిన వరదల సంగతి ఈ కొలతకు అందదు. "నమోదైన చరిత్రలో" అని ఒక్క మాట కలిపితే వాక్యం గట్టిపడుతుందని విద్యార్థులే తీర్మానించారు.

అక్టోబరు

ఊహించిన చిక్కే వచ్చింది. నమ్మకం పోయిన చోట విచక్షణ మొలకెత్తలేదు, వెటకారం మొలకెత్తింది. "అన్నీ కొనేసిన రాతలే మేడం", "ఎవరి లాభం వాళ్ళది" అంటూ చదవకుండానే తేల్చేయడం మొదలైంది. అన్నీ నమ్మేవాడికీ ఏదీ నమ్మనివాడికీ పేజీ తిప్పి చూడవలసిన అవసరం ఉండదు. పైగా రెండోవాడికి తాను తెలివైనవాడినన్న తృప్తి కూడా ఉంటుంది కాబట్టి అతన్ని కదిలించడం మరింత కష్టం. నా దృష్టిలో ఈ ప్రాజెక్టులో అసలు పని ఇదే. అనుమానించడం ఒక వారంలో నేర్పవచ్చు, ఎంతవరకు అనుమానించాలో నేర్పడానికి మాత్రం మిగిలిన సంవత్సరమంతా కావాలి.

ఒక నియమం పెట్టాను. ఏ వాక్యాన్నైనా "నమ్మలేం" అని రాసినవారు, ఆ తీర్పుకు కూడా మూడో గడి నింపాలి. నమ్మలేమని నీకు ఎలా తెలిసింది? వ్యాసంలో ఏది కనబడి ఉంటే నమ్మేవాడివి?

నగరాల జనాభామీద ఒక వ్యాసం చదివినప్పుడు ఈ నియమం బాగా పనిచేసింది. అందులో 2011 జనాభా లెక్కలు వాడారు. "పాత లెక్కలతో మోసం చేశాడు" అని ఒకరు రాశారు. ఏ లెక్కలు వాడి ఉండవలసింది అని అడిగితే వెతకడానికి వెళ్ళారు. 2021లో జరగవలసిన జనగణన వాయిదా పడిందని, తరువాతి గణన 2027కు ప్రకటించారని, కాబట్టి దేశమంతటికీ పూర్తయిన చివరి లెక్క 2011దేనని తెలుసుకుని వచ్చారు. అలాగైతే వ్యాసకర్తకు వేరే దారి లేదు. కాని సంవత్సరాన్ని వ్యాసం చివర చిన్న అక్షరాల్లో చెప్పి, పైన "ప్రస్తుత జనాభా" అని రాయడం మాత్రం అతని దోషమే. అందుబాటులో లేనిదాన్ని వాడకపోవడం వేరు, ఉన్న పరిమితిని దాచడం వేరు. తీర్పు రాసిన విద్యార్థి తన వాక్యాన్ని కొట్టేసి, "లెక్క సరే, శీర్షిక సరికాదు" అని రాశాడు. ఈ ఏడాది నాకు నచ్చిన వాక్యాల్లో ఇదొకటి.

శాతాలమీద ఒక పీరియడు గడిచింది. వెయ్యిమందిలో ఇద్దరికి వచ్చే జబ్బు ముగ్గురికి వస్తే "ముప్పు యాభై శాతం పెరిగింది" అని కూడా రాయవచ్చు, "వెయ్యికి ఒకరు పెరిగారు" అని కూడా రాయవచ్చు. ఇది బీకాం వారికి వెంటనే అందింది, మిగిలినవారికి మరోసారి చెప్పాలి.

నవంబరు

ఇప్పటివరకు పేజీ లోపలే ఉండి చదివాం. ఈ నెల పేజీ బయటికి వెళ్ళడం. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన సామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ 2017లో వెలువరించిన ఒక అధ్యయనాన్ని పరిచయం చేశాను. పదిమంది చరిత్రకారులకు, పదిమంది వృత్తిపరమైన నిజనిర్ధారకులకు, ఇరవై ఐదుగురు డిగ్రీ విద్యార్థులకు కొన్ని వెబ్‌సైట్లు చూపి, వాటిని ఎంతవరకు నమ్మవచ్చో తేల్చమన్నారు. చరిత్రకారులూ విద్యార్థులూ ఇచ్చిన పేజీలోనే ఉండి, దాని పేరు, రూపం చూసి చాలాసార్లు బోల్తాపడ్డారు. నిజనిర్ధారకులు మాత్రం కాసేపటికే ఆ పేజీని పక్కనపెట్టి, ఆ సంస్థ గురించి ఇతరులు ఏమంటున్నారో కొత్త ట్యాబుల్లో వెతికి, తక్కువ సమయంలో సరైన నిర్ణయానికి వచ్చారు. ప్రొఫెసర్లు కూడా తడబడ్డారని వినగానే తరగతిలో పెద్ద ఉత్సాహం కనిపించింది.

మేం చేసిన సాధన ఇది. మోకాలి నొప్పులమీద ఒక పత్రిక అనుబంధంలో వచ్చిన పేజీని బ్రాడీపేటలోని జిరాక్స్ షాపులో కాపీలు తీయించి పంచాను. డాక్టరు ఫొటో, ప్రశ్నలు, జవాబులు, చివర ఫోన్ నంబరు. వ్యాసం వైద్యపరంగా ఎలా ఉందని చర్చ జోరుగా సాగుతుండగా, వెనక బెంచీలోని ఒక అమ్మాయి కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, పై అంచున జిరాక్సులో సగం చెరిగిపోయిన చిన్న అక్షరాలను కూడబలుక్కుని చదివింది: "ప్రకటన". తరువాత ఆ పేజీని ఎవరూ మునుపటిలా చదవలేదు. అయితే ప్రకటన కాబట్టి అందులోని వైద్యం తప్పని తేల్చడానికి వీల్లేదని, అందులో లేని ప్రత్యామ్నాయాలేమిటో చూడాలని గుర్తుచేయవలసి వచ్చింది. అక్టోబరు నియమం ఇక్కడా వర్తిస్తుంది.

డిసెంబరు

అమరావతి స్తూపం. గుంటూరు విద్యార్థులకు ఇది ఇంటి చరిత్ర. రెండు వ్యాసాలు ఇచ్చాను. ఒకదాని ప్రకారం వలసపాలకులు మన శిల్పాలను తరలించుకుపోయారు. రెండోదాని ప్రకారం, నాశనమైపోతున్న శిల్పాలను ఆంగ్లేయ అధికారులు కాపాడారు. ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ పద్దెనిమిదో శతాబ్దం చివర స్తూపం ఉన్న దిబ్బను చూడడం, 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వకాలు, శిల్పాలు మద్రాసుకూ అక్కడినుంచి కొన్ని లండన్‌కూ చేరడం, ఈ సంఘటనలన్నీ రెండింటిలోనూ ఉన్నాయి. ఎవరూ దేన్నీ కల్పించలేదు.

అందుకే ఈసారి మూడో గడి ఏమీ తేల్చలేకపోయింది. నాలుగో గడి కావలసి వచ్చింది: "ఇందులో లేనిదేమిటి?" మొదటి వ్యాసంలో లేనిది, జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో కొత్త పట్టణం కట్టించిన కాలంలో దిబ్బనుంచి ఇటుకలూ రాళ్ళూ కట్టడాలకు వెళ్ళిన సంగతి. రెండో వ్యాసంలో లేనిది, శిల్పాలను ఊడదీసిన ఆ తవ్వకాలవల్ల స్తూపం నిర్మాణం తెలుసుకోవడానికి పనికివచ్చే ఆధారాలు చెదిరిపోయిన సంగతి. ఈ రెండు లోపాలనూ ఒక వ్యాసం చదివినవారు రెండో వ్యాసం సాయంతోనే పట్టగలిగారు. ఒక్క వ్యాసమే చేతిలో ఉంటే, లేనిదాన్ని కనిపెట్టే ఉపాయం నా దగ్గర కూడా పెద్దగా లేదు, ఎక్కువ చదవడం తప్ప.

ఒక చిన్న సంగతి కూడా రాసుకోవాలి. ఈ శిల్పాలను ఇంగ్లీషులో "అమరావతి మార్బుల్స్" అంటారు, అవి మాత్రం పలనాటి సున్నపురాయి. ఇది తెలిశాక ఒక విద్యార్థి మొదటి వ్యాసాన్ని, అందులో "పాలరాతి శిల్పాలు" అని ఉంది కాబట్టి, మొత్తంగా పక్కన పెట్టేయబోయాడు. రాయి పేరు తప్పినంత మాత్రాన తేదీలు తప్పవని మిగిలినవారే అతనికి సర్దిచెప్పారు. నేను కల్పించుకోవలసిన అవసరం రాలేదు.

ఫిబ్రవరి

కొత్త మిర్చి పంట యార్డుకు వస్తున్న రోజులు. ప్రత్తిపాడు వైపు అబ్బాయి తనంతట తానే ఒక వార్త తెచ్చాడు. శీర్షికలో తేజ రకం ధర పెరిగిందని ఉంది. కింద యార్డుకు ఆ రోజు ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) వచ్చాయో, క్వింటాలు గరిష్ఠంగా ఎంత పలికిందో ఉంది. అదే రోజున వాళ్ళ నాన్న అదే రకాన్ని అమ్మి, అంతకన్న చాలా తక్కువ రేటుతో ఇంటికి వచ్చాడు. "పేపరు అబద్ధం రాసిందని మా నాన్న, మా నాన్నకు బేరం చేతకాలేదని మా బాబాయి" అని చెప్పి కూర్చున్నాడు.

ఆ పీరియడు పాఠం వాడిదే. గరిష్ఠ ధర అంటే ఆ రోజు ఏదో ఒక లాటుకు, బహుశా రంగూ ఆరుదలా బాగా కుదిరిన కొద్ది టిక్కీలకు పలికిన ధర. తాలుకాయలు కలిసిన సరుకుకూ, తేమ ఎక్కువున్న సరుకుకూ దానితో సంబంధం లేదు. కేంద్ర ప్రభుత్వ అగ్‌మార్క్‌నెట్‌లో ప్రతి మార్కెట్‌కూ కనిష్ఠ, గరిష్ఠ ధరలతోపాటు మోడల్ ధర అని మూడో అంకె ఉంటుంది. ఎక్కువ సరుకు ఏ ధర దగ్గర అమ్ముడైందో అది సూచిస్తుంది. తరగతిలో ఫోన్లు తీయించి ఆ రోజు తేదీ వెతికించాను. మోడల్ ధర వాళ్ళ నాన్నకు వచ్చిన ధరకు దగ్గరగానే ఉంది. వార్త నిజమే, నాన్న చెప్పినదీ నిజమే, బాబాయి ఒక్కడే ఆధారం లేకుండా మాట్లాడాడు.

దీని తరువాత ఏసీ సరుకుకూ (శీతల గిడ్డంగిలో దాచిన సరుకు) కొత్త సరుకుకూ ధర కలిపి రాశారా విడిగా రాశారా అని ఒకరు, టిక్కీకి ఎన్ని కిలోలని వార్తలో ఎందుకు చెప్పలేదని పట్నంలో పెరిగిన ఇంకొకరు అడిగారు. రెండో ప్రశ్నకు పల్లె పిల్లలందరూ నవ్వారు. రాసినవారు పాఠకుడికి ఏం తెలుసని అనుకుంటున్నారో గమనించడం నేను పాఠంగా చెప్పాలని దాచుకున్న అంశం. అది ఆ నవ్వులోనే జరిగిపోయింది.

మార్చి

సంవత్సరాంతపు పరీక్షగా, ఇంతకుముందు చూడని ఒక వ్యాసాన్ని ఇచ్చి గడులు గీయకుండా తెల్లకాగితం మీద రాయమన్నాను. అంకెలున్న వాక్యాలను దాదాపు అందరూ బాగానే పరీక్షించారు. ఇతరుల మాటలను ఉటంకించిన చోట, ఆ మాట అన్నవారికి ఆ విషయం తెలిసే అవకాశముందా అన్న ప్రశ్నను సగం మందే వేశారు. లేనిదేమిటన్న ప్రశ్న దగ్గర చాలామంది "రచయిత రెండో పక్షాన్ని ప్రస్తావించలేదు" అన్న ఒకే వాక్యాన్ని అతికించారు. అది అన్ని వ్యాసాలకూ సరిపోయే వాక్యం కాబట్టి ఏ వ్యాసానికీ పనికిరాదు. మూడో గడి కొత్త బిట్టుగా మారిపోతున్న సూచన ఇది.

వచ్చే ఏడాది ఇదే తరగతి మూడో సంవత్సరానికి వస్తుంది. అమరావతి పద్ధతిలో, ఒకే విషయంమీద రెండేసి రచనలు జతచేసి ఇవ్వడం జూలై నుంచే మొదలుపెట్టాలి. జతలు వెతికే పనిని వేసవిలో విద్యార్థులకే అప్పగించాను. ఆనకట్ట చరిత్ర, పొగాకు సాగు, అరండల్‌పేట ఫ్లైఓవర్ వాదన ఇప్పటికి ఎంచుకున్నారు. మే నెలలో యార్డుకు సెలవులు కాబట్టి మిర్చిమీద రచనలు తెచ్చే బాధ్యత తీసుకున్న ముగ్గురూ ఏప్రిల్‌లోపే ధరల పట్టికలు రాసుకుంటామన్నారు.